అచ్చొచ్చిన కారు

మా ఆయన దేన్నీ తొందరగా నమ్మే మనిషి కాదు. డాక్టర్లను నమ్మరు, బీమా ఏజెంట్లను నమ్మరు, టీవీలో వాతావరణం చెప్పే మనిషిని అసలే నమ్మరు. పంచాంగాన్ని మాత్రం నమ్ముతారు. అది నమ్మకం కాదు, లెక్క అంటారు. మస్కట్‌లో మంచినీటి సరఫరా శాఖలో ఇంజనీరుగా చేరిన రోజు కూడా వర్జ్యం పోయేదాకా ఆగి సంతకం పెట్టారు. ఈ ఇండియన్ మనిషి పెన్ను చేతిలో పట్టుకుని గోడ గడియారం వంక ఎందుకు చూస్తున్నాడో పై అధికారికి అర్థం కాలేదట. పాపం, దాహమేసిందేమో అని టీ తెప్పించాడట.

ఇది తొంభైల మొదట్లో సంగతి. మేం మస్కట్‌లోనే రువి పేటలో ఉండేవాళ్ళం. మాకొక పాత జపాను కారు ఉండేది. దాన్ని ఆయనే నడిపేవారు. లైసెన్సు నాకూ ఉంది. ఒమాన్‌లో లైసెన్సు తెచ్చుకోవడమంటే మాటలు కాదు. డ్రమ్ముల మధ్యకు కారు వెనక్కి పెట్టాలి, ఏటవాలు మీద ఆపి జారకుండా మళ్ళీ కదిలించాలి, ఆ పైన పోలీసాయన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఊళ్ళో తిప్పాలి. మా తెలుగువాళ్ళలో మగవాళ్ళే నాలుగేసిసార్లు తప్పి, "ఇవాళ టెస్టు వాయిదా పడింది" అని ఇంట్లో చెప్పేవారు. నేను డ్రమ్ముల దగ్గర ఒకసారి తప్పాను, రోడ్డు మాత్రం మొదటిసారే నెగ్గాను. కార్డు తెచ్చి చూపిస్తే మా ఆయన అటూ ఇటూ తిప్పి చూసి, "ఫొటో బావుంది" అన్నారు.

ఆ తర్వాత ఆ ఫొటో నా పర్సులోనే ఉండిపోయింది. శుక్రవారం సెలవు కాబట్టి పొద్దున్నే ఊరి బయట ఖాళీ స్థలానికి తీసుకెళ్ళి స్టీరింగు నాకిచ్చేవారు. ఇచ్చి, పక్క సీట్లో కూర్చుని, ఎడమచెయ్యి హ్యాండ్‌బ్రేకు మీద వేసి ఉంచేవారు. నేను కారు కదిలించగానే ఆయన దాన్ని లాగేవారు. ఎక్కడో కొండ పక్కన మేక కనిపించినా లాగేవారు. అలా కాసేపు కదిలీ ఆగీ, ఎవరి సీటుకు వాళ్ళం మారి, ఇంటికొచ్చి ఇడ్లీ తినేవాళ్ళం.

నాకు కారు సరదాకి కాదు, ఉద్యోగానికి కావాలి. పెళ్ళికి ముందు కాకినాడలో లెక్కలు చెప్పేదాన్ని. మస్కట్ వచ్చాక మధ్యాహ్నాలు ఏసీ చప్పుడు వింటూ పడుకుంటే, ఎవరినైనా పట్టుకుని భిన్నాలు చెప్పాలనిపించేది. అలాంటప్పుడు సీబ్ వైపు కొత్తగా పెట్టిన ఒక ఇండియన్ స్కూల్లో లెక్కల టీచరు కావాలని తెలిసి వెళ్ళాను. ప్రిన్సిపాలు మలయాళీ ఆవిడ, నవ్వితే జీతంలో కోస్తారన్నట్టు ఉండేది. నా సర్టిఫికెట్లు చూసింది, బోర్డు మీద ఒక పాఠం చెప్పించుకుంది. తర్వాత, "ఎలా వస్తారు?" అని అడిగింది. మా వారు దింపుతారన్నాను.

"భర్తలు దింపే టీచర్లు నాకొద్దు. ఆయనకు డ్యూటీ పడితే నా క్లాసు ఖాళీ. ఆగస్టులో స్కూలు తెరిచే రోజుకు మీ అంతట మీరు నడుపుకుంటూ రండి, ఉద్యోగం మీదే. లేకపోతే ఇంకొకావిడ ఉంది" అంది. ఆవిడ మాటలో తప్పేమీ లేదు. అందుకే ఇంకా మండింది.

ఇంటికొచ్చి ఈ మాట చెబితే మా ఆయన "చూద్దాం" అన్నారు. ఆయన "చూద్దాం" అంటే ఏమిటో నాకు తెలుసు. అయితే ఆ నెలలోనే ఒకరోజు చంకలో నున్నటి కాగితాల పుస్తకంతో ఇంటికొచ్చారు. జర్మనీ కారట. ఇక్కడి షోరూములోనే డబ్బు కడతామట, కారు మాత్రం జర్మనీలో ఫ్యాక్టరీకి వెళ్ళి మన చేత్తో తీసుకుంటామట. అక్కడ రెండు వారాలు తిరిగి, రేవులో అప్పగిస్తే వాళ్ళే ఓడెక్కించి మత్రా రేవుకు పంపుతారట. ఇలా కొంటే ధర తగ్గుతుంది, ఆ తగ్గినదానితో ప్రయాణం ఖర్చులు గట్టెక్కుతాయి, కాబట్టి యూరప్ ఊరికే చూసినట్టే అని లెక్క చెప్పారు. లెక్కల టీచరుగా ఆ లెక్కలో నాకు రెండు మూడు తప్పులు కనిపించాయి. నేను నోరెత్తేలోపే ఆయన అసలు మాట అన్నారు.

"కొత్తది వస్తే పాతది నీకేనోయ్. హాయిగా స్కూలుకి వెళ్ళిరా."

దాంతో లెక్కంతా సరిపోయింది. ఆ రాత్రి నేను పాయసం చేశాను.

షోరూములో టై కట్టుకున్న బొంబాయి సేల్స్‌మన్ మా ఇద్దరి పేర్లా అంతర్జాతీయ లైసెన్సులు తీసుకోమన్నాడు. "ఆవిడకెందుకు?" అన్నారు మా ఆయన. "ఫారంలో ఇద్దరికీ చోటుంది సార్" అన్నాడు అతను. ఖాళీ గడి కనిపిస్తే మా ఆయన నింపకుండా ఉండలేరు. అలా నాకూ ఒకటి వచ్చింది.

ప్రయాణానికి వారం ముందు సహం అనే ఊళ్ళో పనిచేసే ఒక ఆంధ్రా డాక్టరు మా ఇంటికి భోజనానికొచ్చాడు. తిన్నాడు, గోంగూర బావుందన్నాడు, వెళ్ళేటప్పుడు మా పాత కారు తీసుకుని వెళ్ళిపోయాడు. కొన్నాడట. మంచి బేరం వచ్చిందనీ, రెండు కార్లు పెట్టుకోవడానికి మనమేం షేకులమా అనీ మా ఆయన గుమ్మంలో నిలబడే చెప్పారు. "మరి నా స్కూలు?" అన్నాను. "చూద్దాం" అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ వారమంతా వంట చేశాను, వడ్డించాను, ఉప్పు మాత్రం వెయ్యలేదు. ఆయన మూడోరోజుకి బీపీ తగ్గినట్టుందన్నారు.

అలా మాటల్లేకుండానే జర్మనీ చేరాం. జూన్ నెల అయినా చలి. నా పెట్టెలో రెండు స్వెట్టర్లు, ఒక కొబ్బరికాయ, మత్రా సూక్ బజారులో కొన్న నిమ్మకాయలు, పసుపు, కుంకుమ, కర్పూరం, నువ్వులు ఉన్నాయి. ఫ్యాక్టరీ వాళ్ళు బుధవారం మధ్యాహ్నం పన్నెండుకు రమ్మని రాశారు. బుధవారం పన్నెండంటే మనకు సరిగ్గా రాహుకాలం. ఈ చిక్కు మా ఆయన మస్కట్‌లోనే విప్పారు. రాహుకాలం పగటిలో ఎనిమిదో వంతు. అక్కడ పొద్దు తొందరగా పొడిచి రాత్రి తొమ్మిది దాటాక గానీ గుంకదు కాబట్టి లెక్క మారుతుంది. హోటల్లో దిగగానే రిసెప్షన్ అమ్మాయిని సూర్యోదయం అడిగి, సూర్యాస్తమయం అడిగి, రాహువు ఒంటిగంట దాటాక గానీ రాడని తేల్చారు. వస్తే రెండు గంటలుంటాడట. కలిగిన దేశంలో ఎవరైనా కాస్త ఎక్కువసేపే ఉంటారు.

అంతా బాగానే ఉంది. మంగళవారం సాయంత్రం మంచం మీద కూర్చుని ఇంకోసారి పంచాంగం తిప్పుతున్నవారు కాస్తా అలాగే ఆగిపోయారు. మర్నాడు మఖ. ఆయనది రోహిణి. రోహిణికి మఖ ఏడో తార, నైధనం. దాన్ని మించిన చెడ్డ తార లేదు. ఆ రోజున కొత్త బండి స్టీరింగు పట్టుకోవడమంటే కోరి కొరివితో తల గోక్కోవడమే. వాళ్ళేమో రోజు మార్చడం కుదరదన్నారు.

"దోషానికి దానం ఉంటుంది కదండీ" అన్నాను. చాలా రోజుల తర్వాత నేనన్న పూర్తి వాక్యం అది.

"నైధనానికి నువ్వులూ బంగారమూ ఇవ్వాలి" అన్నారు.

నువ్వులు పెట్టెలో ఉన్నాయి. బంగారం నా మెడలో ఉంది. ఆయన నా మెడ వంక చూశారు. నేను ఆయన వంక చూశాను. ఆయన మళ్ళీ పంచాంగంలోకి చూసి, నా పునర్వసుకు మఖ క్షేమతార అవుతుందని కనిపెట్టారు.

"నిమ్మకాయలు దాటించేవరకు నువ్వు నడుపు. దాటగానే దిగిపో" అన్నారు.

మర్నాడు మాకు కారు చూపించిన జర్మన్ ఆయన ఆరడుగుల మనిషి. హాలు నేల అద్దంలా ఉంది. అక్కడ మా తెల్ల కారు, కోడిగుడ్డు ఆకారంలో తాత్కాలిక నంబరు ప్లేటు పెట్టుకుని నిలబడి ఉంది. ఆయన ప్రతి మీటా నొక్కి, అది ఏం చేస్తుందో మాకు ఇంగ్లీషులో చెప్పాడు. చెప్పడం పూర్తయ్యాక మా ఆయన కర్పూరం వెలిగించవచ్చా అని అడిగారు. హాల్లో నిప్పు నిషేధం అన్నాడు. కొబ్బరికాయ? ఆలోచించి లోపలికి వెళ్ళి ఒక ప్లాస్టిక్ బకెట్టు తెచ్చాడు. అందులో కొట్టాం. చక్రాల కింద నిమ్మకాయలు పెడుతుంటే మాత్రం వంగి చూశాడు.

"వీటి పని ఏమిటి?" అన్నాడు.

"భద్రత" అన్నారు మా ఆయన, ఒక ఇంజనీరు ఇంకో ఇంజనీరుకు చెప్పినట్టు.

జర్మన్ ఆయన తలూపాడు. నాలుగు కాయలూ సరిగ్గా చక్రాల మధ్యకు వచ్చేలా తనే సర్దాడు.

నేను ఎక్కాను. మా ఆయన పక్కన కూర్చుని ఎడమచెయ్యి చాపారు. అక్కడ హ్యాండ్‌బ్రేకు లేదు. చెయ్యి పెట్టుకునే మెత్త ఉంది. బ్రేకు ఎక్కడుందని వెతికారు. ఆ కారులో అది డ్రైవరు ఎడమకాలి దగ్గర ఉంటుంది. అంటే నా కాలి దగ్గర. ఆయన కాసేపు ఆ మెత్తనే గట్టిగా పట్టుకున్నారు. నేను నిమ్మకాయలు దాటించాను.

"చాలు, ఆపు, దిగు" అన్నారు. ఆపుదామనే అనుకున్నాను. ఎదురుగా తలుపు దానంతటదే పైకి లేచింది, వెనక ఇంకో కుటుంబం ఇంకో కారులో ఎదురుచూస్తోంది, జర్మన్ ఆయన చెయ్యి ఊపుతున్నాడు. బయటికొచ్చాను. బయట ఆపకూడదని బోర్డు. ఆ బోర్డు తర్వాత ఇంకో బోర్డు. అలా బోర్డులు చూసుకుంటూ పోతే పెద్ద రోడ్డెక్కాం. గల్ఫ్ కోసం చేసిన కారు కాబట్టి నూట ఇరవై దాటగానే టింగ్ టింగ్ అని మోగుతుంది. జర్మనీలో ఆ రోడ్డు మీద నూట ఇరవైకి లోపల ఎవరూ లేరు. మేం మోగుకుంటూ వెళ్ళాం. మా ఆయన ఆ మెత్త వదలకుండా కూర్చున్నారు. నాకు మాత్రం గొంతెత్తి పాడాలనిపించింది. అంత సంతోషం నాకు ఒమాన్ వచ్చాక అదే మొదలు.

పెట్రోలు బంకులో ఆగాం. "ఇక నేను" అని ఆయన ఎక్కి, వెనక్కి తీసి, ఒక ఇనుప స్తంభాన్ని తాకించారు. బంపరు మీద చారపడింది. దిగి చూసి, "నైధనం" అన్నారు. తిరిగొచ్చి పక్క సీట్లో కూర్చున్నారు.

మర్నాడు పుబ్బ. ఆయనకు మిత్రతార, దివ్యంగా ఉంది. పొద్దున్నే స్నానం చేసి స్టీరింగు పట్టుకున్నారు. మస్కట్‌లో తెలిసిన దారుల్లో, తెలిసిన వేగంతో తిరిగిన మనిషి. అదే వేగంతో ఆ పెద్ద రోడ్డెక్కారు. వెనక లారీ వచ్చి హారన్ కొట్టింది, దాని వెనకది లైట్లు కొట్టింది, ఇటు కార్లు బాణాల్లా పోతున్నాయి. ఈయన ఎటు జరగాలో తెలియక ఎటూ జరగలేదు. ఎలాగో రోడ్డు పక్కన లారీలు ఆగే చోటుకు చేర్చి ఇంజన్ ఆపారు. చలిలో చెమట పట్టింది. పాత కారు అమ్మినప్పటి కోపం నాలో ఇంకా ఉంది, అయినా నీళ్ళ సీసా మూత తీసి ఇచ్చాను.

తాగి, మూత బిగించి, "ఈ బండి నాకు అచ్చిరాలేదోయ్" అన్నారు.

తార మంచిదే కదా అని నేను అనలేదు. అచ్చిరాకపోవడం తారలకు పైమాట. మా మామగారికి ఒక గేదె అచ్చిరాలేదని బావమరిదికి తోలేశారు. అక్కడది చెంబుల కొద్దీ పాలిచ్చిందట. గేదెదీ తప్పు కాదు, మామగారిదీ తప్పు కాదు. అచ్చిరాలేదంటే అచ్చిరాలేదు, అంతే. ఇక ఆ పైన ఎవరూ ఎవరినీ ఏమీ అడగరు.

"నీకు అచ్చొచ్చినట్టుంది. నువ్వే నడుపు" అన్నారు.

"ఇవాళ నాకు ప్రత్యక్ తార, మంచిది కాదు కదండీ" అన్నాను, ఆయన పంచాంగమే ఆయనకు అప్పజెబుతూ. దానికి ఉప్పు దానం చేస్తే సరిపోతుందన్నారు. అక్కడున్న క్యాంటీన్‌లోకి వెళ్ళి, ఊరికే పెట్టిన చిన్న ఉప్పు పొట్లాలు నాలుగు తెచ్చి నాకిచ్చి, నా చేత ఒక లారీ డ్రైవరుకు ఇప్పించారు. అతను థాంక్స్ చెప్పి తన బంగాళాదుంప ముక్కల మీద చల్లుకున్నాడు. ఆ రోజు నుంచి రేవులో అప్పగించేదాకా నేనే నడిపాను. కారుకు ఇంకో చార పడలేదు. బాగా నడుపుతున్నావని మాత్రం ఆయన అనలేదు.

మస్కట్ తిరిగొచ్చాక ఆయన ఆఫీసు పికప్‌లో వెళ్ళొస్తున్నారు. నేను ఓడ కోసం చూస్తున్నాను. ఇక్కడి దారులు ఆయనకు కొట్టినపిండి. ఇక్కడ లారీలు ఆయన్ని బెదిరించవు. జర్మనీలో అచ్చిరాని బండి మస్కట్‌లో అచ్చిరావచ్చు. ఆ మాట నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. ఓడ ఆలస్యమైంది. ఆగస్టు వచ్చింది. చివరికి రేవు నుంచి కబురొచ్చింది, కారు విడుదలయ్యేది స్కూలు తెరిచే రోజు పొద్దున్నే అని. ప్రిన్సిపాలు టీచర్లను పది గంటలకు రమ్మంది.

గంజి పెట్టిన చీర కట్టుకుని, బ్యాగులో పెన్నులు సర్దుకుని, ఆఫీసు పికప్‌లో ఆయనతో మత్రా రేవుకు వెళ్ళాను. పికప్ నడిపేది జగిత్యాల వైపు మనిషి, ఆయన సైట్లకు నీళ్ళ పైపులు మోస్తాడు. కాగితాలు అయ్యాయి. తాళం మా ఆయన చేతిలో పెట్టారు. ఆయన కారు చుట్టూ ఒకసారి తిరిగారు, బంపరు మీది చార వేలితో తడిమారు, డ్రైవరు తలుపు తీశారు. నా స్కూలు పోయిందనుకున్నాను. సీటు మీది దుమ్ము చేత్తో దులిపి, ఇవతలికొచ్చి తాళం నాకిచ్చారు.

"పదికి కదా" అన్నారు.

పికప్ డ్రైవరుకు ఇది మింగుడుపడలేదు. "కొత్త బండి గద సార్. మీరు నడపరా? మేడం ఒక్కతే వోతదా?"

"అది నాకు అచ్చిరాలేదయ్యా. ఆవిడ బండి."

"గట్లనా. మా బాపుకు గూడ మోటరు అచ్చిరాలే సార్. మా చిన్నాయినకు ఇచ్చేసిండు" అని అతను వెంటనే ఒప్పేసుకున్నాడు.

ఆయన ఆఫీసుకు వెళ్తానని పికప్ ఎక్కారు. నేను సముద్రం పక్క రోడ్డు మీదికి వచ్చాను. జీవితంలో మొదటిసారి కారులో ఒక్కదాన్నే ఉన్నాను. పక్క సీట్లో నా బ్యాగుంది. రువి దాటి సీబ్ దారి ఎక్కాక అద్దంలో చూస్తే వెనక, కాస్త దూరంలో, ఒక పికప్. క్యాబిన్ మీదుగా ముందుకు పొడుచుకొచ్చిన నీళ్ళ పైపులు, వాటి కొసన కట్టిన ఎర్రగుడ్డ. ఆయన ఆఫీసు ఎప్పుడో దాటిపోయింది. నేను మెల్లగా పోతే అదీ మెల్లగా వచ్చింది. నేను ముందుకు పోతే అదీ పైపులు చప్పుడు చేసుకుంటూ వచ్చింది.

స్కూలు ఆవరణలో నీడన ఒకే ఒక్క చోటు ఖాళీగా ఉంది, రెండు కార్ల మధ్య. వెనక్కి పెట్టాను. ప్రిన్సిపాలు కిటికీలోంచి చూస్తూనే ఉంది. లోపలికెళ్ళగానే నా చేతిలో తాళం చూసింది, మళ్ళీ కిటికీలోంచి కారు చూసింది.

"మీరే నడుపుకుంటూ వచ్చారా?"

"అవునండీ."

"మీ వారు?"

కిటికీలోంచి గేటు కనిపిస్తోంది. గేటు అవతల, ఆగస్టు ఎండలో, ఎర్రగుడ్డ కట్టిన పికప్ ఆగి ఉంది. అందులో ఒక మనిషి నా వంక కాకుండా ఎటో చూస్తూ రుమాలుతో మెడ తుడుచుకుంటున్నాడు.

"ఆయన ఆఫీసులో ఉన్నారండీ" అన్నాను.